శుక్రవారం పాట్స్‌డామ్, శనివారం క్యాంటన్: కార్నెల్ హాకీ జట్టు ఉత్తరాది ప్రయాణం గురించి

మీరు అడిగినవి మూడు సంగతులు. ఈ శుక్రవారం రాత్రి కార్నెల్ పురుషుల ఐస్ హాకీ జట్టు పాట్స్‌డామ్‌లో క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంతోనూ, శనివారం రాత్రి క్యాంటన్‌లో సెయింట్ లారెన్స్ విశ్వవిద్యాలయంతోనూ ఆడుతోంది. వరుసగా రెండు రాత్రులు రెండు ఊళ్ళలో ఎందుకు ఆడాలి, రెండూ గెలిచే అవకాశం ఎంత, న్యూయార్క్ రాష్ట్రంలో కార్నెల్ ఉన్న ఇథాకా నుంచి నలుగురు విద్యార్థులు ఒకే కారులో ఒక్క ఆటకే వెళ్ళగలిగితే దేనికి వెళ్ళడం మేలు అన్నవి మీ ప్రశ్నలు. చివరి దానికి ముందే జవాబు చెప్పేస్తాను: శనివారం క్యాంటన్‌కు వెళ్ళండి. ఎందుకో చెప్పాలంటే మాత్రం మిగిలిన రెండు ప్రశ్నల మీదుగానే రావాలి.

నేను చదువుకోసం ఇథాకా వచ్చిన మొదటి చలికాలంలో నాకు హాకీ అంటే పచ్చిక మైదానమూ, మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదు ముఖేష్ కుమారూ మాత్రమే. మంచు మీద కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకొని ఆడే ఈ ఆటలో ఒక్కో జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురే ఉంటారనీ, ఆట నడుస్తుండగానే ముప్పావు నిమిషానికోసారి మనుషులు మారిపోతుంటారనీ తెలియక, మొదటి ఆటలో పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో వెతుక్కోవడంతోనే నాకు ఇరవై నిమిషాల పీరియడ్లు మూడూ అయిపోయాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్నెల్ సొంత మంచు మైదానమైన లైనా రింకులో నిలబడి చూస్తూ, ఈ ఉత్తరాది ప్రయాణం తొమ్మిది సార్లు చేసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు ఊళ్ళ సంగతి. కార్నెల్ ఆడే ఈసీఏసీ లీగులో పన్నెండు కళాశాలలున్నాయి. వాటిని ఇద్దరిద్దరు చొప్పున ప్రయాణపు జోడీలుగా కట్టారు. క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్ ఒక జోడీ. మనకు జోడీ హామిల్టన్ ఊళ్ళోని కోల్గేట్. (అవును, మన ఇళ్ళలో పళ్ళు తోముకునే కోల్గేటు కుటుంబం పేరు మీదనే ఆ విశ్వవిద్యాలయం ఉంది.) ఒక వారాంతంలో ఒక జోడీ ఇంకో జోడీ దగ్గరికి వెళ్తుంది. శుక్రవారం మనం పాట్స్‌డామ్‌లో ఆడుతున్న సమయానికే కోల్గేట్ క్యాంటన్‌లో సెయింట్ లారెన్స్‌తో ఆడుతూ ఉంటుంది, శనివారం రెండు బస్సులూ ఊళ్ళు మార్చుకుంటాయి. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరం పది పదకొండు మైళ్ళే. ఒక్కసారి ఉత్తరానికి వెళ్ళి రెండు ఆటలు ముగించుకొని వస్తే బస్సు ఖర్చు తగ్గుతుంది, ఆటగాళ్ళకు తరగతులూ తక్కువ పోతాయి. కార్నెల్ కూడా ఒకటైన ఐవీ లీగు కళాశాలల్లో ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఆ కుర్రాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం తరగతిలో లేకపోతే సోమవారం ప్రొఫెసరుకు సమాధానం చెప్పుకోవాల్సిందే.

ఈ ఏర్పాటు వల్ల ఆటలో ఒక తిరకాసు పుడుతుంది. లీగులో ఒక్కో జట్టు 22 ఆటలు ఆడుతుంది. నిర్ణీత సమయంలో గెలిస్తే మూడు పాయింట్లు, అదనపు సమయంలో గానీ షూటౌట్‌లో గానీ గెలిస్తే రెండు, అలా ఓడినా ఒకటి వస్తాయి. కాబట్టి వారాంతం అంటే ఆరు పాయింట్లు. మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకు మొదటి రౌండు ఆడకుండానే నేరుగా క్వార్టర్ ఫైనల్ దక్కుతుంది, అది కూడా సొంత రింకులో. జాతీయ పోటీకి వెళ్ళే పదహారు జట్లను ఎంచే లెక్కలో సైతం సొంత ఊళ్ళో గెలిచినదానికన్నా బయట గెలిచినదానికి ఎక్కువ విలువ కడతారు. అందువల్ల ఉత్తరాది నుంచి నాలుగు పాయింట్లు తెచ్చుకున్న జట్టు తల ఎత్తుకొని బస్సు దిగవచ్చు, ఆరూ తెస్తే పండగే. రెండూ గెలుస్తామా అని మీరు అడిగారు. నా వరకు నేను నాలుగు వస్తాయా అని అడుగుతాను, ఎందుకంటే నా అనుభవంలో శుక్రవారం గెలిచి శనివారం జారవిడుచుకోవడం రివాజు, శుక్రవారం ఓడి శనివారం పుంజుకోవడం అంతకన్నా అరుదు. ఇది నా జ్ఞాపకంలోంచి చెబుతున్న మాటే తప్ప లెక్కగట్టి చెబుతున్నది కాదు.

బయట ఆడటం ఎందుకు కష్టం? అరుపుల వల్ల అని అందరూ అంటారు. అరుపులు కొంత వరకే. అసలు సంగతి నిబంధనల్లో ఉంది, కొత్తగా చూసేవాళ్ళ కంటికి అది ఆనదు. ఆట ఆగిన ప్రతిసారీ రెండు జట్లూ మనుషులను మార్చుకోవచ్చు గానీ, బయటి నుంచి వచ్చిన జట్టు ముందు తన మనుషులను మంచు మీదికి పంపాలి. వాళ్ళు ఎవరో చూసుకున్నాక ఆతిథ్య జట్టు తన వాళ్ళను పంపుతుంది. పేకాటలో చివరి ముక్క వేసేవాడికి ఉండే సుఖం ఇదే. మన కోచ్ తన మేటి ముగ్గురిని దించితే, అవతలి కోచ్ సరిగ్గా వాళ్ళను అడ్డుకోగల జంటను దించుతాడు. మన నాలుగో వరుస కుర్రాళ్ళు (దాడి చేసే ముగ్గురిని కలిపి ఒక వరుస అంటారు, జట్టుకు అలాంటివి నాలుగు) కనబడితే తన మేటి వరుసను దించి వాళ్ళను నలిపేస్తాడు. సొంత ఊళ్ళో ఈ అవకాశం మనది, బయట రెండు రాత్రులూ వాళ్ళది.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఆట ఆగినప్పుడు దించిన మనుషులను ఆట మొదలై నాలుగు క్షణాలైనా కాకముందే, పక్ అవతలి మూలకు పోగానే, బెంచీకి పిలిచి అసలు పంపాలనుకున్న వాళ్ళను గోడ మీదుగా దూకించడం ఒక పద్ధతి. శనివారం మీరు కూర్చున్న చోటి నుంచి పక్ మీద కాక పది నిమిషాల పాటు కార్నెల్ బెంచీ మీదే కన్ను వేసి ఉంచండి, ఈ దొంగాట మీకే తెలుస్తుంది. రెండో పద్ధతి, నాలుగు వరుసలనూ ఒకే మాదిరి నమ్మి వంతుల ప్రకారం తిప్పడం. అది చేయాలంటే నాలుగో వరుసలో మొదటి సంవత్సరం కుర్రాడు ఉన్నా అవతలి మేటి వరుస ముందు తొట్రుపడకూడదు. కార్నెల్ జట్టుకు చాలా కాలంగా ఉన్న బలం ఇదే. 1995 నుంచి 2025 దాకా జట్టును నడిపిన మైక్ షాఫర్ అలవాటు చేసిన ఆట గోల్స్ వర్షం కురిపించే రకం కాదు; సొంత గోలు ముందు చోటివ్వకుండా, గోడల వెంట పక్‌ను ఒడిసిపట్టి, అవతలివాడికి విసుగు పుట్టించే రకం. చూసేవాడికి ఒక్కోసారి మనకే విసుగు పుడుతుంది, అది వేరే సంగతి. కానీ బయటి ఊళ్ళో పనికొచ్చే ఆట అదే.

ఇంకొక్కటి. తన సగంలోంచి కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా అవతలి గోలు గీత దాటిపోతే దాన్ని ఐసింగ్ అంటారు. ఆట ఆపి, పక్‌ను మళ్ళీ కొట్టినవాడి గోలు దగ్గరికే తెస్తారు. దానికి మించిన శిక్ష ఏమిటంటే, ఆ జట్టు అలసిన మనుషులను మార్చుకోకూడదు. చివరి మార్పు హక్కు ఎటూ లేని బయటి జట్టుకు ఇది పుండు మీద కారం. ఆతిథ్య కోచ్ తీరిగ్గా తాజా మనుషులను దించుతాడు, మనవాళ్ళు నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ అక్కడే నిలబడతారు. ఒక పీరియడ్‌లో మన జట్టు మూడు నాలుగు సార్లు ఐసింగ్ చేసిందంటే గోలు పడటానికి ఎంతో సేపు పట్టదని నేను పక్కవాళ్ళకు చెబుతుంటాను.

ఇప్పుడు శనివారం ఎందుకో చెబుతాను. అలసట అంటే ఆటల సంఖ్య అనుకోకండి, సెయింట్ లారెన్స్ కూడా శుక్రవారం రాత్రి కోల్గేట్‌తో అరవై నిమిషాలు ఆడే ఉంటుంది. తేడా ఏమిటంటే, వాళ్ళు ఆ రాత్రి తమ మంచాల మీద పడుకుంటారు, మనవాళ్ళు బస్సులో, హోటల్లో గడుపుతారు. ఒకసారి నేను పాట్స్‌డామ్‌లో శుక్రవారం ఆట అయ్యాక, కారు వేడెక్కేదాకా రింకు వెనక తలుపు పక్కన నిలబడి చూశాను. సామాను చూసే ఇద్దరు మనిషంత పొడుగు సంచులను ఒక్కొక్కటిగా బస్సు కిందికి ఎక్కిస్తున్నారు. చెమటకు తడిసిన చేతి తొడుగులను విడిగా ఒక ప్లాస్టిక్ తొట్టిలో వేసుకొచ్చారు, ఆ చలిలో వాటి మీద నుంచి అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి లేస్తోంది. మర్నాటి రాత్రికి అవి ఆరాలి, ముప్పై జతల స్కేట్లకు మళ్ళీ పదును పెట్టాలి, అదంతా పరాయి రింకులో, పరాయి గదిలో. ఆటగాళ్ళు తలలు ఆరకుండానే ఉన్ని టోపీలు లాక్కొని, కాగితపు డబ్బాల్లో అన్నం తీసుకొని బస్సెక్కారు. ఒక్కడు కూడా మాట్లాడలేదు. ఆ రోజు గెలిచింది మనమే.

ఆ అలసట బయటపడేది శనివారం రెండో పీరియడ్‌లో. జట్ల బెంచీలు ఆట మొత్తం ఒకే చోట ఉంటాయి గానీ, పీరియడ్ మారినప్పుడల్లా జట్లు కాపాడే గోలు వైపులు మారతాయి. మొదటి, మూడో పీరియడ్లలో మన గోలు మన బెంచీకి దగ్గర, రెండో పీరియడ్‌లో దూరం. అంటే రక్షణలో ఇరుక్కుపోయిన ఆటగాడు మారాలంటే సగం రింకు దాటి రావాలి. ఆ దూరాన్ని దాటలేక అక్కడే చిక్కుకుపోయిన ఐదుగురు నిమిషంన్నర సేపు పక్ వెంట తిరుగుతూ, చివరికి ఎవరో ఒకరు కర్రతో అవతలివాడి కాలికి అడ్డం పెట్టి రెండు నిమిషాల పెనాల్టీ తెచ్చుకోవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. (ఇక్కడి పవర్ ప్లే క్రికెట్‌లో లాంటిది కాదు. పెనాల్టీ పడ్డ జట్టు ఆ రెండు నిమిషాలూ ఒక మనిషి తక్కువై ఆడుతుంది, మనిషి ఎక్కువున్న అవతలి జట్టుకు అది పవర్ ప్లే.) జట్టు లోతెంతో, కోచ్ ఓర్పెంతో ఆ ఇరవై నిమిషాల్లో తెలుస్తుంది. శుక్రవారం ఆట చూస్తే ఒక ఆట చూసినట్టు, శనివారం ఆట చూస్తే జట్టును చూసినట్టు అని నేను అనేది అందుకే.

గోల్‌కీపరు విషయం గమనించండి. రెండు రాత్రులూ ఒకరినే నిలబెడతారా, మారుస్తారా అన్నది శనివారం ఆట ముందు వార్మప్‌లో గోలు లోపలికి ఎవరు ముందు వెళ్తారో చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది. కార్నెల్‌లో గోల్‌కీపరు అంటే ఊరికే కాదు. 1967లో జాతీయ విజేతగా నిలిచిన జట్టులో ఆడిన కెన్ డ్రైడెన్ ఇక్కడ ఆడిన కాలంలో 76 గెలిచి నాలుగే ఓడాడు, ఒకటి సమం అయింది. ఆ కొలతతో ఈనాటి కుర్రాళ్ళను కొలవడం అన్యాయమే అయినా లైనాలో ముసలివాళ్ళు కొలవకుండా ఉండరు.

మరి శుక్రవారం ఆటకు విలువ లేదా అంటే, చరిత్ర చూసుకుంటే దానికే ఎక్కువ. 1970లో కార్నెల్ 29 ఆటలాడి 29 గెలిచింది. ఒక్క ఓటమి గానీ సమం గానీ లేకుండా జాతీయ విజేత అయిన జట్టు ఇప్పటికీ అదొక్కటే. ఆ ఫైనల్లో 6-4తో ఓడించింది ఈ క్లార్క్‌సన్‌నే. క్లార్క్‌సన్ వాళ్ళకూ ఒక గాయం ఉంది: 1956లో 23 ఆటలూ గెలిచి కూడా, చివరి సంవత్సరం చదివే ఆటగాళ్ళలో పలువురు అర్హతా నిబంధనలకు లోబడకపోవడంతో జాతీయ పోటీకి వచ్చిన పిలుపును కాదనుకున్నారు, పురుషుల జాతీయ పట్టం వాళ్ళకు ఇప్పటికీ దక్కలేదు. ఇటీవలి కాలంలో 2019 లీగు ఫైనల్లో అదనపు సమయంలో 3-2తో మనల్ని ఓడించారు. 2024 ఫైనల్లో మనం సెయింట్ లారెన్స్‌ను 3-1తో, 2025 ఫైనల్లో క్లార్క్‌సన్‌ను మళ్ళీ 3-1తో ఓడించాం. అంటే ఈ వారాంతం మీరు చూడబోయే రెండు రింకుల్లోనూ మన ఎర్ర చొక్కాను మరచిపోని మనుషులు ఉంటారు. అన్నిటికన్నా రసవత్తరమైనది కోచ్ సంగతి. షాఫర్ తర్వాత బాధ్యత తీసుకున్న కేసీ జోన్స్ తాను కార్నెల్ ఆటగాడే అయినా, 2011 నుంచి 2024 దాకా క్లార్క్‌సన్‌కు ప్రధాన కోచ్. క్లార్క్‌సన్ రింకైన చీల్ అరీనాలో ఏ మూల గోడ పక్‌ను ఎటు తిప్పికొడుతుందో ఆయనకు తెలిసినంతగా మన జట్టులో ఇంకెవరికీ తెలియదు. అల్లుడు అత్తారింటికి వచ్చినట్టు కాదు, వేరుపడిన అన్నదమ్ముడు పాత ఇంటికి వచ్చినట్టు ఉంటుంది అక్కడి వాతావరణం.

రింకుల గురించి కొంచెం. చీల్ అరీనా 1991లో తెరిచినది, సుమారు మూడు వేల మంది పడతారు, విద్యార్థి కేంద్రంతో కలిసే ఉంటుంది. సెయింట్ లారెన్స్ వాళ్ళ ఆపిల్‌టన్ అరీనా 1950ల మొదట్లోది, లైనా కన్నా తక్కువ మందే పడతారు. చిన్నది కావడం వల్లే మీకు అక్కడ ఆట బాగా కనబడుతుంది, స్కేటు అంచు మంచును చెక్కే చప్పుడు, గోడకు మనిషి తగిలిన మోత చెవి పక్కనే వినబడతాయి. ఈ రెండు చిన్న కళాశాలలూ మిగిలిన ఆటల్లో మూడో శ్రేణిలో ఆడి, హాకీలో మాత్రం మొదటి శ్రేణిలో ఆడతాయని తెలిస్తే, ఆ ఊళ్ళకు ఆ ఆట ఏమిటో అర్థమవుతుంది. సెయింట్ లారెన్స్ పురుషుల జట్టు 1961, 1988 సంవత్సరాల్లో జాతీయ ఫైనల్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

మీరు కార్నెల్ వాళ్ళ మధ్య కూర్చుంటే జాతీయగీతం మధ్యలో ఎరుపు అన్న మాట వచ్చే చోట అందరూ ఒక్కసారిగా "రెడ్" అని అరుస్తారు, ఉలిక్కిపడకండి. మనకు గోలు పడితే అవతలి గోల్‌కీపరును వేలెత్తి చూపుతూ జల్లెడ, జల్లెడ అని అర్థం వచ్చే మాటతో ఆటపట్టిస్తారు. అక్కడి వాళ్ళూ మన గోల్‌కీపరును అదే మాట అంటారు. మనం ఇంట్లో అనేది మనకు బయట వడ్డిస్తారు, నవ్వుకొని ఊరుకోవాలి. టికెట్లు ఆతిథ్య కళాశాల సైటులో ముందే కొనుక్కోండి, ఆపిల్‌టన్ చిన్నది కనుక తలుపు దగ్గర దొరుకుతాయన్న నమ్మకంతో నాలుగు గంటలు నడిపి వెళ్ళకండి.

దారి గురించి మాత్రం నేను కొంచెం పెద్దన్నలా మాట్లాడతాను. ఇథాకా నుంచి కోర్ట్‌లాండ్ వెళ్ళి 81వ నంబరు రహదారి ఎక్కి, సిరక్యూస్ మీదుగా వాటర్‌టౌన్ చేరి, అక్కడి నుంచి 11వ నంబరు రోడ్డు పట్టుకుంటే క్యాంటన్, దాటితే పాట్స్‌డామ్. వాతావరణం బాగుంటే నాలుగు గంటలు. బాగుండకపోతే ఎంతని నన్ను అడగకండి. సిరక్యూస్ దాటాక పులాస్కీ నుంచి ఆడమ్స్ దాకా ఉన్న భాగం ఆంటారియో సరస్సుకు తూర్పున ఉంటుంది. సరస్సు మీదుగా వచ్చే తేమగాలి టగ్ హిల్ పీఠభూమికి తగిలి అక్కడే మంచు కుమ్మరిస్తుంది. 2007 ఫిబ్రవరిలో ఆ పక్కనే ఉన్న రెడ్‌ఫీల్డ్‌లో పది రోజుల్లో పది అడుగులకు పైగా కురిసింది. సిరక్యూస్‌లో ఎండ కాస్తున్నా అరగంట తర్వాత ముందున్న కారు వెనక దీపాలు కనబడకపోవచ్చు. నా రెండో ప్రయాణంలో అద్దం కడిగే ద్రవం మామూలు వేసవిది పోయించుకొని బయల్దేరాను. పులాస్కీ దగ్గర అది గొట్టంలోనే గడ్డకట్టింది, అద్దం మీద ఉప్పు పేరుకుపోయి ఏమీ కనబడక, పక్కన ఆపి, మా మిత్రుడి తల్లి కట్టిచ్చిన పులిహోర డబ్బా మూతతో గీకుకున్నాం. చలికాలపు ద్రవం రెండు డబ్బాలు, దుప్పటి, పార, నిండు ట్యాంకు తప్పనిసరి. క్యాంటన్ చుట్టుపక్కల ఆమిష్ కుటుంబాల (ఆధునిక యంత్రాలకు దూరంగా పాతకాలపు తీరున బతికే క్రైస్తవుల) గుర్రపు బగ్గీలు చీకట్లో కూడా రోడ్డు మీద ఉంటాయి, వాటికి మన కార్లకు ఉన్నట్టు దీపాలుండవు. 11వ నంబరు రోడ్డు మీద వేగం తగ్గించండి.

ఇంకో మాట ఇక్కడివాళ్ళెవరూ మీకు చెప్పరు, వాళ్ళకు అవసరం ఉండదు కనుక. అది కెనడా సరిహద్దు జిల్లా. గస్తీ అధికారులు అప్పుడప్పుడు వాహనాలు ఆపి పత్రాలు అడుగుతారు. నలుగురూ పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసాకు కళాశాల ఇచ్చే పత్రం) అసలు ప్రతులు వెంట పెట్టుకోండి, ఫోనులో ఫొటో చాలదు. వాటర్‌టౌన్ దగ్గర ఫోను చూపించే దారిని గుడ్డిగా నమ్మి 81 మీదే తిన్నగా ఉత్తరానికి పోతే అది వంతెన మీదుగా కెనడాలోకి తీసుకెళ్తుంది, తిరిగి రావడం మీ వీసాతో ముడిపడిన వ్యవహారం అవుతుంది.

శనివారం ఆట రాత్రి తొమ్మిదిన్నర దాటాక ముగుస్తుంది. ఆ రాత్రే వెనక్కి నడపాలనుకుంటే మంచు హెచ్చరిక ఉందో లేదో రెండో విరామంలో చూసుకొని నిర్ణయించుకోండి, ఉంటే వాటర్‌టౌన్ దాకా మాత్రమే వచ్చి ఆగిపోండి. బయల్దేరే ముందు అయిదు నిమిషాలు తీరిక ఉంటే రింకు పక్కన మన బస్సు ఉన్న వైపు ఒకసారి నడిచి వెళ్ళండి. సామాను సంచులు ఎక్కుతూ ఉంటాయి. అప్పటికి ఆరింట ఎన్ని వచ్చాయో మీకు స్కోరుబోర్డు చెప్పే ఉంటుంది గానీ, ఆ కుర్రాళ్ళు బస్సు మెట్లు ఎక్కే తీరు చూస్తే రెండో పీరియడ్ ఎలా గడిచిందో కూడా తెలుస్తుంది.